కోశాధికారి: కృష్ణాతీరమున సంఘధనరక్షణచరిత్ర

అధ్యక్షుఁడు, కార్యదర్శి, కోశాధికారి యను మూఁడు పదవుల పేళ్లు నేఁ డాంధ్రదేశమున నే సంఘముయొక్క నిబంధనావళిని విప్పినను మొదటి పుటలయందే కానవచ్చును. వీనిలోఁ గడపటిది పాశ్చాత్యుల వర్తకసంఘములనుండి మన కబ్బినదనియు, నంతకుఁ బూర్వము మన ధర్మసంస్థల ధనము పూజారి చేతిలోనో, గ్రామపు పెద్ద యింటిలోనో లెక్కాపత్రములు లేక పడియుండెడిదనియుఁ గొందఱు తలంతురు. పదము క్రొత్త దగుట నిజమే. పని మాత్రము క్రొత్తది కాదు. కృష్ణానదీముఖభూములలో సంఘధనముతో సంబంధము గలవారి జాడ క్రీస్తునకుఁ బూర్వమునుండియు ఱాళ్లపైఁ గానవచ్చుచున్నది. బెజవాడ పాతపట్టణమున, ననఁగా నిపుడు వన్‌టౌను అని వ్యవహరింపఁబడు నింద్రకీలాద్రిపాదభాగమున, నా జాడ వేయేండ్లనాఁటి శాసనములలోఁ జిక్కుచున్నది. దానిని బట్టి పోయినచో మన పూర్వు లెఱుఁగనిది కోశాధికారిని గాదనియు, నొక్కని చేతికే తాళమును, గంటమును, నాజ్ఞయుఁ గూడ నప్పగించుటను మాత్రమే యనియుఁ దేలఁగలదు.

ముందుగా మాటల విచారము. భాండాగార మను సంస్కృతపదము ప్రాకృతమార్గమున భండారమై తెలుఁగునఁ గుదురుకొన్నది. కోష్ఠాగారము కొఠారైనది. బొక్కసము తెలుఁగు కన్నడములకు రెంటికిని సొత్తు. ఖజానా, ఖజాంచీ, షరాబు అనునవి సుల్తానుల పాలనమునఁ బారసీ వ్యవహారముతోఁ గూడి వచ్చినవి. ఈ మాట లన్నియు నేకార్థకములు కావు. కొఠారు ధాన్యమునకు, భండారము నాణెములకు, నగలకు, వస్త్రములకు. కృష్ణాడెల్టావంటి వరిపంట సీమలో నీ భేదము చిన్నది కాదు. గాదెలోని వడ్లు పురుగుపట్టును, ఎలుకలు తినును, ఏఁడు మాఱినఁ దరుగు వచ్చును. నాణెము పురుగుపట్టదు గాని యరిగి తూకము తగ్గును, దొంగనాణెము వచ్చి కలియును. కావున ధాన్యము గాచువానికి వలయు నేర్పు వేఱు, నాణెము గాచువానికి వలయు నేర్పు వేఱు. మూఁడవవాఁడు కరణము. అతఁడు వడ్లను గొలువఁడు, నాణెమును ముట్టఁడు. కవిలెలో వ్రాయుటయే యాతని పని. ఈ మువ్వురను గలిపి యొక్కనిఁగాఁ జేసినది యిటీవలి సంఘములే.

భట్టిప్రోలు స్తూపము కృష్ణకు దక్షిణపుటొడ్డున డెల్టాభూమిలో నున్నది. అచ్చట 1892లో అలెగ్జాండరు రే త్రవ్వి తీసిన ధాతుకరండములమీఁది లేఖనములను బ్యూలరు పండితుఁడు చదివి ప్రకటించెను. దక్షిణాపథమున లభించిన ప్రాచీనతమలేఖనములలో నివి చేరును. కుబీరకుఁ డను రాజు పేరు వీనియందుఁ గలదు గాని ప్రకృతవిషయమునకు రాజుకంటె ముఖ్యమైనవి గోష్ఠియు, నిగమమును. గోష్ఠి యనఁగా నొక పుణ్యకార్యమునకై కూడిన సభ్యసంఘము. నిగమము వర్తకుల కూటము. సభ్యుల పేళ్లు వరుసగాఁ జెక్కఁబడినవి. నేఁటి కార్యవర్గపట్టికకును వీనికిని బెద్ద భేదము లేదు. ఆ పేళ్లలో నొక గ్రామణిపుత్రునకు 'హిరణకార' యను వృత్తినామము చేర్పఁబడియున్నది. దీనికి స్వర్ణకారుఁ డని యర్థము చెప్పుటయే యుచితము. కోశాధికారి యని చెప్పుటకు సాహసింపరాదు. అయినను గోష్ఠిలో బంగారము నెఱిఁగినవాఁ డొకఁడు సభ్యుఁడై యుండుట గమనింపఁదగినది. సంఘమునకు వచ్చిన ధనము మంచిదో చెడ్డదో చెప్పఁగలవాఁడు లేనిచో దానిని గాచి ప్రయోజన మేమి?

అమరావతీస్తూపదాతల లేఖనములయం దీ విషయ మింకను విశద మగుచున్నది. అందు హేరణికులు, రాజలేఖకులు, పానీయఘరికులు కలరు. హేరణికుఁడు హైరణ్యికుఁడే, హిరణ్యము, ననఁగా నాణెపు ధనము, నతని యధీనమున నుండును. పానీయఘరికుఁడు చలిపందిరి యధికారి. హేరణికుఁడు వేఱు, లేఖకుఁడు వేఱు. ఒక్కనికే యీ రెండు బిరుదములు చేరి కనఁబడవు. నాగార్జునకొండ శాసనములలో ధాన్యాగారాధికారియు వచ్చును. ఇక్ష్వాకువంశీయుఁడైన వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను నుపాసిక చైత్యగృహ మొకటి కట్టించి శాసనము వేయించెను. తన బంధుకోటి నెన్నుచు నామె కోష్ఠాగారికుఁడైన భదుని పేర్కొన్నది. ధాన్యాగారపు టుద్యోగి బంధువగుట యుపాసిక తలఁచి చెప్పుకొనఁదగిన గౌరవ మయ్యెను.

బోధిసిరి శాసన మింకొక కారణమునఁ గోశచరిత్రమున కమూల్యమైనది. ఆమె దానములు నాగార్జునకొండతో నాగలేదు. సింహళవిహారమున బోధివృక్షప్రాసాదము, పూర్వశైలమునఁ జెఱువును మండపమును, కంటకసేలయందు, ననఁగా నేఁటి కృష్ణాజిల్లాలోని ఘంటసాలయందు, మహాచైత్యపు తూర్పువాకిట శిలామండపము, వేఱొక్కచోట మూఁడు గదులు, మఱియొకచోట నేడు గదులు. ఇన్నియూళ్లలో నింతపని జరుగునపుడు ధనము వెచ్చించినవా రెవరు? శాసనమే చెప్పుచున్నది: ఈ నవకర్మమును నడపినవారు చందముఖథేరుఁడు, ధమ్మనందిథేరుఁడు, నాగథేరుఁడు. వడ్రంగము విధికుఁ డను శిలావర్ధకిది. దాత్రి యొకతె, పర్యవేక్షకులు మువ్వురు, పనివాఁడు వేఱొకఁడు. దాతయే తన మనుజుని నొకనిఁ బెట్టి పని చేయించుకొనలేక కాదు. వెచ్చింపు మువ్వురి కన్నుల యెదుట జరుగవలె ననియే యీ యేర్పాటు. కోశాధికారి యను పేరిక్కడ లేదు. ఆ పదవికి వలయు కట్టుబాటు మాత్ర మున్నది.

సంఘధనమును గాచుటకంటెఁ గష్టమైనది దానిని దినకుండఁ బెంచుట. దీనికి మన ప్రాచీనులు కనిపెట్టిన యుపాయము అక్షయనీవి. నీవి యనఁగాఁ గౌటిలీయార్థశాస్త్రపరిభాషలో వ్యయము పోఁగా మిగిలిన నిలువ. ఆ నిలువ క్షయింపకుండ వడ్డి మాత్రమే వాడుకొనుట యక్షయనీవి. దీని లెక్క కెల్ల నుత్తమోదాహరణము నాసికలో ఉషవదాతుని శాసనము. ఆయన 3000 కార్షాపణములను రెండు సాలెశ్రేణులయందు నిలువ నుంచెను: 2000 మాసమునకు నూటి కొకటి వడ్డీకి, 1000 మాసమునకు నూటికి ముప్పాతిక వడ్డీకి. మొదటిదానిపై నేఁటికి 240 వచ్చును. లేణమున వర్షవాస మున్న భిక్షువు లిరువదిమందికిఁ దల కొక 12 చొప్పున వస్త్రముల వెలకు సరిగాఁ జెల్లును. రెండవదానిపై వచ్చు 90 యితరవ్యయమునకు. అసలు తిరిగి యియ్యఁబడదని స్పష్టముగాఁ జెప్పఁబడినది. ఇంతయు నిగమసభలోఁ జదివి వినిపింపఁబడి ఫలకమునందు నిబంధింపఁబడినది. వడ్డి, వ్యయము, లబ్ధిదారుల సంఖ్య సరితూఁగునట్లు ముందే లెక్కించి నిధి నేర్పఱచిన యీ విధానమునుఁ జూచినవారెవ్వరు మన పూర్వులకు ధనవ్యవహారము తెలియ దనఁజాలరు. ఇచ్చట ధనము దాఁచినది విహారము గాదు, శ్రేణి. భిక్షుసంఘము తాళము నంటకయే ఫల మనుభవించెను.

అర్థశాస్త్రము 1909లో శామశాస్త్రిచే ముద్రితమైనతోడనే రాజ్యకోశపు టేర్పాటు లోకమునకుఁ దెలిసినది. అందు సమాహర్త రాఁబడిని గూర్చువాఁడు. సన్నిధాత కోశగృహమును, గోష్ఠాగారమును, నాయుధాగారమును గట్టించి కాచువాఁడు. నాణెమును బరీక్షించువాఁడు రూపదర్శకుఁడు. లెక్క లక్షపటలమున నుండును. ఆషాఢపూర్ణిమనాఁటికి లెక్కలవారు ముద్రవేసిన పుస్తకములతోను నిలువలతోను వచ్చి చేరవలయును. చేరినవా రొకరితో నొకరు మాటలాడకుండఁ గాపుంచవలయు నని విధి. వెచ్చములు పొందుపఱుచుకొనకుండఁ జేసిన యీ నిషేధము నేఁటి పరీక్షాధికారులకును బనికివచ్చునదే. ధనాపహరణమార్గములు నలువది యని యా శాస్త్రకారుఁడు లెక్కించినాఁడు. రెండువేలయేండ్లలో వానికిఁ గ్రొత్తగా నెన్ని చేరినవో చెప్పుట కష్టము.

బెజవాడకు వత్తము. మల్లేశ్వరాలయమునందలి యుద్ధమల్లుని శాసనము తెలుఁగు పద్యశాసనములలో ముఖ్యమైనది. మధ్యాక్కరలలో నున్న దీనిని జయంతి రామయ్యపంతులు పరిష్కరించి ప్రకటించెను. సాహిత్యచరిత్రకారు లందఱును దీని ఛందస్సును, భాషను విచారించిరి. విషయమును బట్టించుకొన్నవారు తక్కువ. ఆ శాసనపు ముఖ్యోద్దేశము కార్తికేయునకు గట్టిన గుడికిఁ జేరిన మఠమున నెవ్వ రుండవలెను, నెవ్వ రుండరాదు అను కట్టడి. శైవులైన గొరగలు దక్క నన్యు లందు వసింపరాదు, వసింపనిచ్చినవారికిఁ బాపము. అనఁగా సంస్థ యే ప్రయోజనమునకై యేర్పడెనో దానికి దక్క దాని సొత్తు వేఱొకదానికిఁ జెందరాదని చెప్పుటయే. బెజవాడలో మన కెఱుకపడు మొట్టమొదటి తెలుఁగు పద్యములు కావ్యమునకుఁ గాక ధర్మసంస్థయొక్క సొత్తు దారితప్పకుండుటకుఁ బుట్టినవి. పండితులు దీనిని జిన్నతనముగా నెంచఁ బనిలేదు.

అదియే మల్లేశ్వరాలయమునఁ దరువాతి శతాబ్దుల దానశాసనములు పెక్కు గలవు. దాక్షారామమునందు వీని సంఖ్య మఱియు నధికము. అఖండదీపదానములలో సామాన్యముగాఁ గనఁబడు విధ మిది: దాత యేఁబది గొఱ్ఱెలను గాని, మేఁకలను గాని దేవునికిచ్చును. వాని నొక బోయ చేకొనును. అతఁడును, నతని కొడుకులును, మనుమలును దినమునకు మానెఁడు నేయి చొప్పున దీపమునకుఁ బోయవలయును. ఇచ్చిన జీవములను 'ఇనుపయెడ్లు' అనిరి. చోళదేశమున దీపమొకటికి సాధారణముగాఁ దొంబది గాని తొంబదియాఱు గాని గొఱ్ఱెలు. అక్కడి మాటకుఁ జావనివి, ముదియనివి యని యర్థము. తెలుఁగువా రినుము పేరు పెట్టిరి. భావ మొక్కటే. గొఱ్ఱె చచ్చును గాని మంద చావదు. ఈనిన పిల్లలతోఁ జచ్చినవానిని బూర్తిచేయుచు నేఁబదిని నేఁబదిగానే నిలుపుట బోయ విధి. నూలు, పెంట, మిగులు పిల్లలు బోయ ఫలము.

ఈ యేర్పాటులోఁ గోశాధికారి యెవఁడు? ధనము బోయ మందలో నున్నది. గుడి భండారమునకు నేయి వచ్చును గాని మూలధనము రాదు. తెగులు వచ్చి మంద నశించిన నష్టము బోయది, గుడిది కాదు. దొంగ భండారము పగులఁగొట్టినను దీపము నిలువదు. మఱియు బోయ తప్పినచోఁ దెలియుటకు మాసాంతమున లెక్క చూడ నక్కఱలేదు. ఆ రాత్రియే దీప మాఱును. లెక్క చూచువాఁడు లేకయే తన్నుఁ దాను దెలుపుకొను లెక్క యిది. దీనికంటె సులభమైన పరీక్షావిధానము నేఁటివఱకును గనఁబడలేదు. దోషము లేకపోలేదు. ఒక తరమున మందఁ గాచిన బోయ మనుమఁడు వలసపోయిన నెవ్వ నడుగవలయును? తరువాతికాలమున గొఱ్ఱెలకు మాఱుగా మాడలును, భూములును దానమిచ్చుట హెచ్చుటకు నిట్టి చిక్కులును గొంత కారణము కావచ్చును.

మాడలు వచ్చినతోడనే భండారము పెద్దదైనది. సింహాచలము, శ్రీకూర్మముల శాసనములలో దాత గండమాడలను శ్రీభండారమునకుఁ జెల్లించును. అందులకు శ్రీభండారమే నిత్యదీపము నడపుటకో, దాతవంశమునకుఁ బ్రసాద మిచ్చుటకో యొప్పుకొనును. బోయ స్థానమును భండార మాక్రమించినది. ఇపుడు మూలధనము గుడి గడపలోనికి వచ్చినది. అపహరణమునకు వీలు వచ్చినది. కావున నధికారులును హెచ్చిరి. కరణము వ్రాయును, భండారి దాఁచును, భోగపరీక్ష యను నధికారి పైనుండి విచారించును. భోగపరీక్ష యన్న మాట యెంతయు సార్థకమైనది. దేవుని భోగము సరిగా జరుగుచున్నదా యని పరీక్షించుటయే యాతని పని. ధనము తాను దాఁచఁడు.

తిరుమలలో నీ వ్యవస్థ యింకను బెరిగెను. దాతలు శ్రీభండారమునఁ గట్టిన ధనమును స్థానత్తారు దేవస్థానపు గ్రామములలోఁ జెఱువులు త్రవ్వుటకుఁ, గాలువలు తీయుటకు వెచ్చించి, యందుమూలమున హెచ్చిన పంటతో దాత కోరిన నైవేద్యము నడపిరి. ధనము పెట్టెలో నిద్రపోలేదు. నీరై పాఱి, వడ్లై తిరిగి వచ్చినది. స్థానత్తారు పండ్రెండుగురు. శాసనము వ్రాసినవాఁడు వారిలోనివాఁడు గాక కోవెల లెక్కలవాఁడు. తిరునిన్రవూరుడైయాన్ అను వాని బిరుదము శాసనముల చివర మాటిమాటికిఁ గనఁబడును. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిఘట్టమున రాఁబడిని నాలుగు పాళ్లు చేసి యొకపాలు భాండాగారమునకు విధించినాఁడు. రాజు కైనను మిగిలినది దాఁచుటగాక ముందే తీసిపెట్టి దాఁచుట మేలని దీని తాత్పర్యము.

ఇఁక గోలకొండ కాలము. ఇంద్రకీలాద్రి యడుగున నున్న గుహాలయములు ఆఱేడు శతాబ్దులనాఁటివి. అక్కన్న మాదన్నల గుహ లని జనులు వానిని బిలుతురు. పదునేడవ శతాబ్దిమంత్రులకుఁ బ్రాచీనగుహలతోఁ గర్తృత్వసంబంధము లేదు. కనకదుర్గను సేవింపవచ్చి వా రిక్కడ విడిసి రని మాత్రమే యైతిహ్యము. మాదన్న లెక్కల యుద్యోగమునుండి పైకి వచ్చి అబుల్ హసన్ తానాషా కొలువున సర్వాధికారి యైనవాఁడు. అతని మేనల్లుఁడుగాఁ బ్రసిద్ధుఁడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. సర్కారు పైకమును భద్రాద్రిరాముని గుడికి వెచ్చించి గోలకొండలో బందీ యైనాఁడు. ఆఱులక్ష లని, పండ్రెండేండ్లని జనశ్రుతి.

రామదాసు కీర్తనలు తెలుఁగువారి నాలుకలయం దున్నంతకాల మీ కథలోఁ దానాషాయే దోషి. భక్తిదృష్టికి వేఱొక తీర్పు కుదరదు. కాని కోశచరిత్రమును వ్రాయువారు వేఱొక ప్రశ్న వేయక తప్పదు. గోపన్న వెచ్చించిన ధన మెవ్వరిది? రైతులు సర్కారునకుఁ జెల్లించిన పన్ను. దానిని వసూలుచేయుట కాతని కధికార మున్నది, వెచ్చించుటకు లేదు. గుడి పుణ్యకార్యమగుటచేత నీ భేదము చెరిగిపోదు. ధన మొక ప్రయోజనమునకు వచ్చి యంతకంటె మంచిదైన వేఱొక ప్రయోజనమునకు బోయినను లెక్కలో దాని పేరు లోటే. ఇంద్రకీలాద్రిపై యుద్ధమల్లుఁడు మఠమును గూర్చి చెప్పినదియు నిదియే. విచిత్ర మేమనఁగా నీ విషయమున జనశ్రుతియే లెక్కల పక్షమున నిలుచుచున్నది. కథ ప్రకారము రామలక్ష్మణులు తానాషా మనసు మార్చి ఋణము మాఫీ చేయింపలేదు. రాత్రివేళ వచ్చి పైకము పూర్తిగాఁ జెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని జెఱలో నిద్రించు గోపన్న తలగడక్రింద నుంచిరి. దేవుఁడైనను రసీదు లేనిదే బాకీ తీర్పలేదు. ఈ కథను గట్టినవారు కరణములయూరివారై యుందురు.

కుంపిణీవారి కాలమున దేవాలయధనము ప్రభుత్వపుఁ జేతికి వచ్చినది. 1817లో మదరాసు 7వ రెగ్యులేషను రెవిన్యూబోర్డునకు ధర్మాదాయముల పర్యవేక్షణము నిచ్చెను. విగ్రహారాధనమునకుఁ గ్రైస్తవప్రభుత్వము తోడ్పడుచున్నదని యాక్షేపణలు పుట్టఁగాఁ గొన్నాళ్లకే యది వైదొలఁగెను. 1863లో 20వ చట్టము స్థానికసంఘముల నేర్పఱచెను. ధర్మకర్తయే ధనాధికారి, ధర్మకర్తయే లెక్కలవాఁడు, పెక్కుచోట్ల ధర్మకర్తయే దేవుని భూముల కౌలుదారు. పూర్వపు మూఁడు చేతులు నొక్క చేయిగా మాఱిన కాల మిది. దాని ఫలము న్యాయస్థానముల రికార్డులలో విస్తారముగా నున్నది, వర్ణింప నక్కఱలేదు. 1925లోను, మరల 1927లోను మదరాసు శాసనసభ చేసిన హిందూదేవాదాయచట్టములకును, దరువాతి 1951, 1966, 1987 చట్టములకును మూల మీ దుఃస్థితియే. కార్యనిర్వహణాధికారి వేఱు, ధర్మకర్తలమండలి వేఱు, లెక్క పరీక్షించువారు వేఱు అను నేఁటి యేర్పాటు క్రొత్త కల్పన గాదు. భోగపరీక్ష, భండారి, కరణముల పునరాగమనము.

దేవాలయములు గాని సంఘముల చరిత్ర వేఱు. 1860లో 21వ చట్టము విద్యా, సాహిత్య, ధర్మసంఘముల రిజిస్ట్రేషనుకై పుట్టినది. దీనిని జదివినవారి కొక యాశ్చర్యము కలుగును. సంఘము వ్యాజ్యము వేయునపుడు అధ్యక్షుని పేరనో, ముఖ్యకార్యదర్శి పేరనో, ధర్మకర్తల పేరనో వేయవచ్చునని యున్నది. కోశాధికారి పే రక్కడ లేదు. సంఘసభ్యుఁడే సంఘధనము నపహరించిన నన్యునివలెనే శిక్షార్హుఁ డని 11వ సెక్షను విధించుచున్నది. ఈ సెక్షను లేనిచోఁ దన సొత్తునుఁ దానే దొంగిలినవాఁ డెవఁడని వాదించుటకు వీలుండెడిది. కోశాధికారి ధర్మముల నీ చట్టము చెప్పక సంఘనియమములకే విడిచెను. ఆంధ్రప్రదేశమున దీని స్థానమును 2001లో 35వ చట్ట మాక్రమించినది.

బెజవాడ వన్‌టౌను వర్తకుల కొట్లలో ధనవ్యవహారమునకు వేఱొక విద్య యుండెను. దినదినము వచ్చినదియుఁ బోయినదియు వ్రాయునది చిట్టా. పేరు పేరునకు విడఁదీసి యెత్తునది ఆవర్జా. కొట్టు కట్టునపుడు గల్లాపెట్టెలోని రొక్కము చిట్టా నిలువతో సరిపోవలయును. సరిపోనిదే గుమాస్తా యింటికిఁ బోఁడు. 1911లో బెజవాడయందు రామమోహనధర్మపుస్తకభాండాగారము వెలసినప్పుడు, 1914 ఏప్రిలు 10న నాయూరనే ఆంధ్రదేశగ్రంథభాండాగారసంఘ మేర్పడినప్పుడు పట్టణమునఁ గ్రొత్తతరపు సంఘజీవనము మొదలైనది. అయ్యంకి వేంకటరమణయ్యగారి శ్రమ యందుఁ బ్రసిద్ధము. గ్రంథాలయమునకుఁ బుస్తకభాండాగార మను పేరు పెట్టుట యాకస్మికము గాదు. నాణెములకుఁ గాక గ్రంథములకు భాండాగారము. లోని సొత్తు మాఱినను పట్టిక, తాళము, తనిఖీ యను మూఁడును మాఱలేదు.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడయందు జరిగిన యఖిలభారతకాంగ్రెసుసంఘ సమావేశము పింగళి వెంకయ్యగారి జెండా మూలమునఁ బ్రసిద్ధి కెక్కినది. ధనచరిత్రలో దాని ప్రాముఖ్య మంతకంటెఁ దక్కువది గాదు. జూను 30వ తేదీలోఁగాఁ దిలకుస్వరాజ్యనిధికిఁ గోటిరూపాయలు, కాంగ్రెసునకుఁ గోటిమంది సభ్యులు, దేశమున నిరువదిలక్షల రాట్నములు అని యక్కడ నిశ్చయింపఁబడెను. సభ్యత్వరుసుము నాలుగణాలు, కోటిమంది చేరినను వచ్చునది యిరువదియైదు లక్షలే. కాఁబట్టి మిగిలినది దానములమీఁద నాధారపడెను. దానము లన్నియు రొక్కముగా రాలేదు. స్త్రీలు గాజులును, గొలుసులును సభలలోనే యొలిచి యిచ్చిరి. రొక్కమునకు రసీదు వ్రాయవచ్చును. గొలుసునకు ముందు తూకము, పిదప వన్నె, పిదప వెల, పిదప రసీదు. భట్టిప్రోలి హిరణకారుఁడు రెండువేలయేండ్లకుఁ దరువాత మరల నవసర మయ్యెను. ఒకవంక మూఁడులక్ష లిచ్చిన ఆర్దేషిర్ గోద్రెజు వంటివారు, నొకవంక నణాల నిచ్చిన కూలివారు. ఇద్దఱి రసీదులు నొక్క పుస్తకముననే. గడువునాఁటికిఁ గోటి పూర్తియైనట్లు ప్రకటింపఁబడెను. అఖిలభారతసంస్థకుఁ గోశాధికారిగా జమనాలాలు బజాజు నిలిచి యించుమించుగా 1942లోఁ దాను గతించువఱకు నా పదవి నిర్వహించెను. ఆయన ధనవంతుఁడగుటచేత నా పదవికిఁ దగె నని తలంచుట తప్పు. ధనవంతుని గోశాధికారిఁగాఁ జేసినచో లోటు పడినప్పుడు తన చేతినుండి పూరించు నను నాశ మన సంఘములలో వేరూనిన దోషము. పూరించిన లోటు కనఁబడదు; కనఁబడని లోటు మఱుసటియేఁడు పెరుగును.

ఇట్టి నిధులు పెరుగుచున్న కాలముననే కృష్ణాజిల్లాలో ధనమును దాఁచు స్థలము మాఱినది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రబ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై 28న వ్యవహార మారంభించెను. అధికృతమూలధనము పదిలక్షలు, చెల్లించినది లక్ష. అంతవఱకు సంఘముల సొమ్ము కోశాధికారి యింటి యినుపపెట్టెలో నుండెడిది. అతఁ డూర లేనిచో వెచ్చ మాఁగెడిది. అతఁడు గతించినచో సంఘపు సొమ్మేది, యింటి సొమ్మేది యని వారసులతోఁ దగవు పడవలసివచ్చెడిది. బ్యాంకు వచ్చినతోడనే తాళపుఁజెవి కోశాధికారి చేతినుండి జాఱిపోయి, దానికి మాఱు సంతకము వచ్చినది. చెక్కుమీఁదఁ గార్యదర్శియుఁ గోశాధికారియు నిరువురును వ్రాలు చేయవలయునను నియమము సంఘములలో వ్యాపించినది. కార్యదర్శి వెచ్చింపఁగోరునది కోశాధికారి యొల్లకున్న వెచ్చింపఁబడదు. మువ్వురు థేరుల కట్టుబాటున కిది యిరువురకుఁ దగ్గిన రూపము. కాని ఖాళీచెక్కుల పుస్తకముమీఁద నొక్కసారియే వ్రాళ్లన్నియుఁ జేసి కార్యదర్శి కిచ్చివేయు కోశాధికారులును లేకపోలేదు. వా రూరికిఁ బోవలసినవారు గావున ననుకూలతకై యట్లు చేయుదురు. ఆంధ్రబ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియను బ్యాంకులో లీనమైనది. సంఘముల ఖాతాలు క్రొత్త పేరిటికి మాఱినవి. ఇరువురి వ్రాళ్ల మాదిరిపత్రములును వానితోడనే పోయినవి.